వాకిలి గల దీవి

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఇసుక దీవి శ్రీహరికోట. సూళ్లూరుపేట నుండి సరస్సు మీదుగా సాగు బాటలో పోవువానికి ఇరువైపుల నీరును, శీతకాలమున ఫ్లెమింగో పక్షుల గుంపులును కన్నులపండువుగా కనబడును. బాట చివర ఒక వాకిలి కలదు. అనుమతి లేనిదే దానిని దాటుటకు వీలులేదు.

ఈ కట్టుబాటు నిష్కారణమైనది కాదు. 1969లో ఈ దీవిని రాకెట్టు ప్రయోగములకై ఎన్నుకొనిరి. భూమి తూర్పునకు తిరుగుచుండుటచే, ఆ దిక్కున కెగురు రాకెట్టునకు ఆ వేగము కొంత కలిసివచ్చును. అటు సముద్రమే యగుటచే రాలిపడు భాగములు ఊళ్లపై పడవు. ఇచట పని నిప్పుతోను, పేలుడు పదార్థములతోను. కావలి తప్పదు.

ఆ కావలి సత్యమును దాచుటకు కాదు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 విఫలమై సముద్రమున బడగా, సంస్థాధిపతి సతీష్ ధావన్ తానే పత్రికలవారి యెదుట నిలిచి బాధ్యత వహించెను. 1980 జూలై 18న విజయము కలిగిననాడు మాత్రము అబ్దుల్ కలామును ముందు నిలిపెను. 2002లో ఈ కేంద్రమునకు ధావన్ పేరు పెట్టుట ఎంతయు సముచితము.

అయినను, వాకిలి మూసిన లోపలివారికి రక్షణ, బయటివారికి దూరము. తరతరములుగా ఈ యడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించి బ్రతికిన యానాదులలో ఎందరో కేంద్రము రాకతో తమ తావులు విడువవలసివచ్చెను. చుట్టుపట్ల జనులు మిద్దెలెక్కి, ఆకాశమున పొగచారను చూచి తృప్తి పడిరి.

2019 మార్చి 31న ప్రేక్షకులకై 5,000 మంది కూర్చుండదగిన ప్రాంగణమును తెరచిరి. మరునాడే సామాన్యులు పి.ఎస్.ఎల్.వి.-సి45 ప్రయోగమును అచటినుండి చూచిరి. ముందుగా అంతర్జాలమున పేరు నమోదు చేసికొని, గుర్తింపు పత్రము చూపవలెనను నియమము మాత్రము కలదు. మూసిన తలుపు వేరు, పేరడిగి తెరచు తలుపు వేరు. మొదటిది మనుష్యుని వెలివేయును. రెండవది అతిథిగా నెంచును.

కాని పేరు నమోదు చేసికొనుటకును ఒక సాధనము, కొంత అక్షరజ్ఞానము కావలెను. అవి లేని యింటి బిడ్డకు తెరచిన వాకిలియు మూసినట్లే. అట్టి బిడ్డ పేరు వ్రాసి పంపువాడు తరచుగా ఊరి బడిలోని ఉపాధ్యాయుడే. సరస్సు కావలి గుడిసెలో పుట్టిన పిల్లవాడు, తన తాతలు తిరిగిన దీవిలో నిలబడి నింగి కెగయు నిప్పును చూచిననాడు గదా ఆ వాకిలి నిజముగా తెరచినట్లు!