చేపకు పేరు పెట్టే కొలువు!

జువాలజీతో డిగ్రీ చేస్తున్నారా? ‘లెక్చరర్ పోస్టు తప్ప ఇంకేముంది?’ అని ఇంట్లో అడుగుతున్నారా? అయితే ట్యాక్సానమీ గురించి ఓసారి ఆలోచించండి. జీవుల్ని గుర్తించి, వర్గీకరించి, పేరు పెట్టే శాస్త్రమిది.

అమెజాన్ నుంచి మన చెరువుల్లోకి

అక్వేరియం గాజుకు పట్టిన పాచి తింటుందని కొనే గరుకు చేప తెలుసుగా? అదే సక్కర్ ఫిష్. కొందరు డెవిల్ ఫిష్ అంటారు. సొంతూరు దక్షిణ అమెరికా. పెద్దదై తొట్టెలో పట్టకపోతే చెరువులో వదిలేస్తున్నారు. దాని ఒంటిమీద ఎముక పలకలుంటాయి, వలలు చిరిగిపోతాయి. గట్లకు బొరియలు పెడుతుంది. నష్టం ఆక్వా రైతుది, జాలరిది.

ఇంతకీ అది ఏ జాతి? టెరిగోప్లిక్తిస్ పార్డాలిస్‌ను 1855లో కాస్టెల్నో వర్ణించారు. దాన్ని పోలిన డిస్‌జంక్టివస్‌ను 1991లో వెబర్ కొత్త జాతిగా ప్రకటించారు. మొదటిదాని పొట్టమీద మచ్చలు విడివిడిగా ఉంటాయి. రెండోదానికి అవి కలిసిపోయి వంకర గీతల్లా కనిపిస్తాయి. రెండింటికీ మధ్యరకం చేపలూ దొరుకుతాయి కాబట్టి పొట్ట చూసి తేల్చేయలేం. నీటిలో కలిసిన డీఎన్‌ఏతోనే ఈ చేపల జాడ పట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ రూపొందించింది.

కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

- అనుమతితో నమూనాలు సేకరిస్తారు. ఒక్కటి చాలదు, చిన్నవీ పెద్దవీ కావాలి.
- రెక్కల ముళ్లు, పలకలు లెక్కపెడతారు. తల, కన్ను, తోక కొలుస్తారు.
- దగ్గరి జాతుల పాత వర్ణనలు, మ్యూజియం నమూనాలతో పోలుస్తారు. ఎక్కువ సమయం తినేది ఈ పనే.
- సుమారు 650 అక్షరాల సీఓఐ జన్యుభాగాన్ని చదివి సరిచూస్తారు.
- ఒక నమూనాను ‘హోలోటైప్’గా ఎంచి, మ్యూజియంలో భద్రపరిచి, జర్నల్‌లో ప్రచురిస్తారు. ఆన్‌లైన్‌లోనే వస్తే జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి.

మీ ప్రొఫెసర్ పేరో, ఊరి పేరో పెట్టొచ్చు. తన పేరే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు!

విశాఖకు ఇది పాత విద్యే

1780ల్లో విశాఖలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఇక్కడి చేపల్ని స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించారు. 200 చేపల వర్ణనలతో ఆ పుస్తకం 1803లో లండన్‌లో వచ్చింది. చేపలకు ఆయన వాడినవి మనవాళ్లు పిలిచే పేర్లే. మనం తినే వాలుగ శాస్త్రీయ నామం ‘వల్లాగో అట్టు’. అందులో వల్లాగో మన తెలుగు మాటే. జాలరి నోట్లోని పేరు ప్రపంచమంతా వాడే పేరైందన్నమాట.

మరి ఉద్యోగం?

నిజం చెప్పుకోవాలి. కేవలం ట్యాక్సానమిస్టు పోస్టులు తక్కువ. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన సంస్థ. దాని మంచినీటి జీవుల కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. విశాఖలోనే సీఎంఎఫ్ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉన్నాయి. ప్రాజెక్టు అసిస్టెంట్ ప్రకటనల కోసం వాటి వెబ్‌సైట్లు చూస్తుండండి. పీజీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్, హెచ్ఆర్‌ఏ అదనం. అందుకే ఒక్క నైపుణ్యాన్నే నమ్ముకోవద్దు. చేపల గుర్తింపుతోపాటు డీఎన్‌ఏ ల్యాబ్ పని, గణాంకాలు, ఇంగ్లిష్‌లో రాయడం నేర్చుకుంటే ఆక్వా, పర్యావరణ రంగాల్లోనూ పనికొస్తాయి.

ఈ వారమే మొదలుపెట్టండి

గోపాలపట్నం చేపల మార్కెట్‌కో, ఫిషింగ్ హార్బర్‌కో ఉదయాన్నే వెళ్లండి. జెల్లలు ఎన్ని రకాలొచ్చాయో చూడండి. పది చేపల్ని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. అమ్మేవాళ్లు ఏమంటారో, ఎక్కడ పట్టారో, తేదీతో సహా రాసుకోండి. ముళ్లు లెక్కపెట్టి, పుస్తకంతో సరిచూసి, మీ మేడమ్‌కో సార్‌కో చూపించండి. ఆర్నెల్లు ఆపకుండా చేస్తే, ఇంటర్వ్యూలో ‘మీకేం వచ్చు?’ అన్నప్పుడు ముందుపెట్టడానికి ఓ నోట్‌బుక్ ఉంటుంది.