గాదెయింటి పిల్లికి గూడు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో గాదెగాని పురిగాని యున్న ప్రతి యింటను ఎలుకలుండును. ఎలుకలున్న యింట పిల్లి యుండుట మేలని మన పెద్దలెరుగుదురు. అయినను పూటకింత పాలన్నము పెట్టుటతో పిల్లియెడల మన పని తీరినదని పెక్కుమంది తలచుచున్నారు. దానికి దాగుచోటు ఒకటి కావలెనని తలచువారరుదు.

ముందు మా తప్పును చెప్పుకొందుము. నిరుడు దాళ్వా ధాన్యము ఇంటికి చేరిన పిమ్మట, ఎలుకల బాధ పడలేక, నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయొలోను మందు 2 పాళ్లు కలిపి గాదె క్రింద నుంచితిమి. ఈ మందు తినిన ఎలుక వెంటనే చావదు. రక్తము గడ్డకట్టు గుణము నశించి, కొన్ని దినములు మందకొడిగా తిరిగి చచ్చును. అట్టి ఎలుక పిల్లికి సులభముగా చిక్కును. మా పిల్లి వానిని తిని, ముక్కునుండి రక్తము కారి మరణించెను. వేళకు పశువైద్యశాలకు కొనిపోయినచో విటమిను కె1 చికిత్స గలదని మాకు తరువాత తెలిసినది. దాని కూనలు మూడును గడ్డిమేటులో నున్న సంగతి రెండు దినములకుగాని తెలియలేదు. ఒక్కటి మాత్రము దక్కెను. ఇంటిలోనే దానికొక గూడుండినచో కూనలు మా కంటబడియుండెడివి.

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనవారందురు. అది దాని చాపల్యము కాదు. చీకటియు నిశ్శబ్దమును గల చోటు దొరకకపోవుటయే. 2014లో హాలండు దేశమున యూట్రెక్టు విశ్వవిద్యాలయమువారు ఆశ్రయశాలకు క్రొత్తగా వచ్చిన పిల్లులలో కొన్నింటికి దాగుటకు పెట్టెల నిచ్చి చూడగా, అవి తక్కినవానికంటె త్వరగా కుదుటపడినవట.

గూటికొరకు పాత కోళ్లగంప చాలును. దానిని పలకపై బోర్లించి, ప్రక్కన జానెడు వెడల్పు ద్వారము కోయవలెను. ద్వారము అడుగున నాలుగంగుళముల గడప విడువవలెను. లేనిచో కన్నులు తెరవని కూనలు వెలుపలికి దొరలును. కోసిన వెదురుకొనలు గీరుకొనకుండ గుడ్డ చుట్టి కొబ్బరితాటితో బిగింపవలెను. సందులనుండి వెలుగు రాకుండ పైన గోనె కప్పవలెను. ఎరువులుగాని పురుగుమందులుగాని పోసిన సంచి ఎంత ఉదికినను పనికిరాదు. లోపల మెత్తని పాత పంచె పరచుట మేలు. మన సీమలో కొబ్బరిపీచునకు కొదవ లేదు గాని, వదులు పీచు కూనల కాళ్లకు చుట్టుకొనును గనుక వలదు. ఫినాయిలు, కలరా ఉండలు పిల్లికి విషములు, దరిదాపుల నుంచరాదు.

గూటిని గాదెగదిలో, నడకలేని మూలను, ఇటుకలపై నుంచవలెను. లంకలలోనివారు వరదకాలమున అటకమీద నుంచుట శ్రేయస్కరము. 2022 జులైలో లంక యిండ్లలోనికి గోదావరి ఎట్లు వచ్చినదో మరచినవారు లేరు గదా.

పిల్లివలన అన్నియు తీరునని మేము చెప్పుట లేదు. మట్టలమీదుగా చెట్టునుండి చెట్టునకు దాటి లేతకాయలు కొరకు ఎలుకను అది పట్టజాలదు. అందులకు మ్రానులకు రేకు చుట్టుటయు, మట్టలు తగులకుండ చూచుటయు కావలెను. బలిసిన పందికొక్కును చూచి మా పిల్లియే అటక ఎక్కినది!

దక్కిన ఆ కూనయే ఇప్పుడు పెద్దదైనది. గంపనుంచిన తరువాత మూడు దినములు దాని వంక చూడనైన లేదు. మా పిల్లలు పట్టి లోపల పెట్టబోగా వారించితిమి. నాలుగవనాటి రాత్రి తానే దూరినది. ఈ శ్రావణమున అందులోనే నాలుగు కూనలను పెట్టి, ఇంతవరకు ఎచ్చటికిని తరలింపలేదు. తల్లి వెలుపలికి పోయినపుడు మాత్రమే గోనె తొలగించి చూచుచున్నాము. గాదె క్రింది కన్నములను సిమెంటుతో పూడ్చి, మందునకు మారుగా రెండు బోనులు పెట్టితిమి.