జనరేటరు గోలను తగ్గించుట యెట్లు?

బాలలారా! అడవి యంచున గుడారము వేసికొని, దీపములకొరకై జనరేటరును నడుపునప్పుడు, చేత మోయదగిన ఆ చిన్న యంత్రము అంత గోల యేల చేయునని మీకు సందేహము కలుగును గదా?

దాని సిలిండరులో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి మాటిమాటికి భగ్గున మండుచుండును. ఆ మంటచే ఉబ్బిన వాయువు, కుక్కరు వెయిటు లేవగానే బుస్సుమను ఆవిరివలె, ఒక్కుమ్మడిగా గొట్టమునుండి వెలువడి బయటి గాలిని తాకుటచేతనే ఆ మ్రోత ముఖ్యముగా పుట్టుచున్నది. సాధారణపు జనరేటరు సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు నిచ్చుటకై, ఒక్క బల్బే వెలుగుచున్నను, నిమిషమునకు సుమారు 3000 చుట్లు తిరిగి తీరవలెను. ఇన్వర్టరు రకమో, అవసరము కొలది వేగమును తగ్గించుకొనగలదు గనుక, ధర యెక్కువైనను నా మతమున అదియే మేలు.

ఉన్న యంత్రముతోనే సరిపెట్టుకొనవలసినచో, రాతినేలపై గడగడలాడకుండ దాని క్రింద దళసరి రబ్బరు చాప పరచి, పొగగొట్టము గుడారమునకు పెడమొగమై యుండునట్లు, వీలైనంత దూరమున నిలుపవలెను. ఆరుబయట దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. గోల భరింపలేక దానిని పెట్టెలో మూయుటగాని, వానకు జడిసి గుడారములోనికి తెచ్చుటగాని ఎన్నటికిని కూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేని విషవాయువగుటచే, నిద్రించువారికి తెలియకయే ప్రాణములు తీయగలదు.