వార్‌గేమ్స్: బల్ల మీద ఒక లెక్క, కంప్యూటర్‌లో ఇంకో లెక్క.. ఆ లెక్క రాసేది ఎవరు?

యుద్ధం గేమ్ అనగానే మన ఇళ్లలో పిల్లలకు గుర్తొచ్చేది ఫోన్‌లో తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటలే. కానీ 'వార్‌గేమ్' అంటే అసలు అర్థం అది కాదు. ఇందులో ఆడేవాడు సిపాయి కాదు, సేనాపతి. ఏ దళాన్ని ఎటు పంపాలి, తిండి, పెట్రోలు, మందుగుండు ఎలా చేర్చాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి.. ఇవన్నీ అతనే తేల్చుకోవాలి.

ఈ ఆటలు రెండు రకాలు. ఒకటి బల్ల మీద మ్యాపు పరిచి ఆడేది. రెండోది కంప్యూటర్‌లో ఆడేది. రెండింటిలో ఏది మేలన్న వాదన నలభై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉంది. ఆటగాళ్ల గొడవే కదా, మనకెందుకు అని వదిలేయడానికి లేదు. ఎందుకంటే సైన్యాలు నిజమైన యుద్ధాలకు సిద్ధమయ్యేది కూడా ఇలాంటి ఆటలతోనే.

షత్రంజ్ నుంచి ప్రష్యా దాకా

మన దగ్గర పుట్టిన చతురంగం పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బులకు చేరి షత్రంజ్ అయింది. ఏనుగు, గుర్రం, రథం, బంటు.. అంతా సైన్యమే. అయితే అందులో కొండలు, నదులు, వాన, ఆకలి ఉండవు. ఆ లోటు తీర్చే ఆటను 1824లో రైస్విట్జ్ అనే యువ అధికారి ప్రష్యా సైన్యానికి చూపించాడు. పేరు 'క్రీగ్స్‌ష్పీల్'. అసలైన మ్యాపు, ఎరుపు, నీలం రంగుల దిమ్మెలు, పాచికలు, మధ్యలో ఒక అంపైర్. శత్రువు ఎక్కడున్నాడో అంపైర్ చెబితేనే తెలిసేది. పై అధికారులకు ఇది బాగా నచ్చి, శిక్షణలో వాడటం మొదలుపెట్టారు.

మామూలు జనం కొనుక్కుని ఆడుకునే వార్‌గేమ్స్ అమెరికాలో మొదలయ్యాయి. చార్లెస్ రాబర్ట్స్ 1954లో 'టాక్టిక్స్' అనే ఆటను అమ్మకానికి పెట్టాడు. ఆ తర్వాత ఆయన పెట్టిన అవలాన్ హిల్ కంపెనీ 1958లో 'గెటిస్‌బర్గ్' తెచ్చింది. తేనెపట్టులా ఆరు మూలల గడులుండే మ్యాపు తర్వాత ఈ ఆటలకు గుర్తుగా మారింది.

బల్ల మీద ఏం జరుగుతుంది?

చిన్న అట్టముక్కలే దళాలు. ఒక్కో ముక్క మీద దాని బలం ఎంతో అంకె ఉంటుంది. దాడి చేసే దళం బలం 6, ఎదుటి దళం బలం 2 అనుకుందాం. అంటే మూడుకు ఒకటి. రూల్స్ పుస్తకంతో వచ్చిన పట్టికలో ఆ వరస చూసి పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి శత్రువు వెనక్కి తగ్గొచ్చు, లేదంటే ఇద్దరికీ నష్టం రావొచ్చు. శత్రువు అడవిలోనో నది అవతలో ఉంటే లెక్క మారిపోతుంది.

ఇదంతా చేత్తో చేయాలి కాబట్టి టైమ్ పడుతుంది. 1979లో వచ్చిన 'ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా' అనే ఆట పూర్తి చేయడానికి దాదాపు 1,500 గంటలు కావాలంటారు. ఇటలీ సైనికులు పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్లు ఇవ్వాలనే రూల్ కూడా అందులో ఉంది! ఇంకో ఇబ్బంది ఏంటంటే, చాలా ఆటల్లో బల్ల మీద ఇద్దరికీ దాదాపు అంతా కనిపిస్తుంది. నిజమైన యుద్ధంలో శత్రువు అలా కనిపించడు కదా.

కంప్యూటర్ ఏం మార్చింది?

1980లో ఎస్‌ఎస్‌ఐ అనే కంపెనీ 'కంప్యూటర్ బిస్మార్క్' తెచ్చింది. అప్పటి నుంచి లెక్కల భారం మిషన్ మీద పడింది. 2010లో వచ్చిన 'వార్ ఇన్ ది ఈస్ట్' ఆటలో జర్మనీ-సోవియట్ యుద్ధం మొత్తం వారం వారం నడుస్తుంది. అన్ని వేల దళాలు, విమానాలు, సరఫరాల లెక్క మనిషి చేత్తో రాయడం అయ్యే పని కాదు. పైగా శత్రువును దాచిపెట్టడం కంప్యూటర్‌కు చాలా తేలిక. తోడు లేకపోయినా అదే ఎదుట కూర్చుని ఆడుతుంది. సగంలో ఆపి రేపు మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మరి పోయేదేంటి? కామర్స్ చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేత్తో లెడ్జర్ రాసినవాడికి ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. ట్యాలీలో బటన్ నొక్కి బ్యాలెన్స్ షీట్ తీసినవాడికి అంకె కనిపిస్తుంది, దాని వెనకున్న దారి కనిపించదు. ట్యాలీలోనైనా లోపలికి వెళ్లి ఎంట్రీలు చూడొచ్చు. చాలా కంప్యూటర్ ఆటల్లో అంత లోపలికి పోనివ్వరు. మీ దళం ఓడిపోయిందని చెబుతుంది, అంతే. బోర్డు ఆటలో పట్టిక కళ్ల ముందే ఉంటుంది. 'ఈ రూల్ తప్పు' అని వాదించొచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు కూడా.

రూల్స్‌లో దాగిన అభిప్రాయాలు

రూల్ అంటే కేవలం లెక్క కాదు. ప్రపంచాన్ని ఒకరు ఎలా చూస్తున్నారో అది చెబుతుంది. 2010లో వచ్చిన 'లాబిరింథ్' అనే బోర్డు ఆటనే చూడండి. దాన్ని తయారు చేసిన వోల్కో రుంకే సీఐఏలో అనలిస్టుగా పనిచేసినవాడు. 'టెర్రర్‌పై యుద్ధం' దాని విషయం. ఒకవైపు అమెరికా, మరోవైపు జిహాదీలు. ముస్లిం దేశాలకు పాలన ఎలా ఉంది, అమెరికాకు మిత్రదేశమా, తటస్థమా, శత్రువా అనే గుర్తులు పెడతారు. ఆ దేశాల్లో బతికే మామూలు మనిషి తరఫున ఆడేందుకు కుర్చీ లేదు.

ఇది చదివితే మనకు కోపం రావొచ్చు. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి, ఆ అభిప్రాయం బోర్డు మీద అచ్చయి ఉంది కాబట్టే మనం దాన్ని వేలెత్తి చూపగలుగుతున్నాం. 2013లో అదే రుంకే, బ్రయాన్ ట్రెయిన్‌తో కలిసి అఫ్గానిస్తాన్ మీద 'ఎ డిస్టెంట్ ప్లెయిన్' తెచ్చాడు. అందులో పక్షాలు నాలుగు: విదేశీ సేనలు, అఫ్గాన్ ప్రభుత్వం, తాలిబన్లు, స్థానిక యుద్ధ నాయకులు. జనం ప్రభుత్వం వైపున్నారా, వ్యతిరేకంగా ఉన్నారా అనేది కూడా లెక్కలోకి వస్తుంది. అంటే రూల్ మారితే కథ మారుతుంది.

సైన్యం ఆడితే?

2002లో అమెరికా సైన్యం 25 కోట్ల డాలర్ల ఖర్చుతో 'మిలీనియం చాలెంజ్' అనే భారీ విన్యాసం జరిపింది. కొంత నిజమైన బలగాలతో, ఎక్కువ భాగం కంప్యూటర్ సిమ్యులేషన్‌తో. శత్రువు గల్ఫ్ ప్రాంతంలోని ఒక ఊహా దేశం. ఆ పక్షాన్ని నడిపిన రిటైర్డ్ జనరల్ పాల్ వాన్ రైపర్ రేడియోలు వదిలేసి మోటార్‌సైకిళ్ల మీద సందేశాలు పంపాడు. క్షిపణులు, చిన్న పడవలతో దాడి చేసి 16 అమెరికా నౌకలను లెక్కల్లో ముంచేశాడు. ఆ తర్వాత ఏమైంది? మునిగిన నౌకలను మళ్లీ తేల్చి ఆట కొనసాగించారు. తన చేతులు కట్టేశారంటూ ఆయన మధ్యలోనే తప్పుకున్నాడు. ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా, ఇష్టం లేని ఫలితం వస్తే రూల్ మార్చేది మనిషే అని అందరికీ తెలిసొచ్చింది.

మరి ఏది మేలు?

చరిత్ర నేర్చుకోవాలన్నా, ఒక నిర్ణయం వెనక కారణం తెలుసుకోవాలన్నా బోర్డు మేలు. యుద్ధం ఎంత పెద్దదో, సమాచారం లేకుండా నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే కంప్యూటర్ మేలు. అయితే రెండింటిలోనూ చాలాసార్లు లెక్కలోకి రానిది ఒక్కటే: యుద్ధం జరిగే ఊళ్లో ఉన్న కుటుంబం.

ఆ లోటు పూడ్చే ప్రయత్నాలూ ఉన్నాయి. బోస్నియాలో 1992 నుంచి 1996 దాకా సాగిన సరయెవో ముట్టడి స్ఫూర్తితో పోలాండ్ కంపెనీ 2014లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే కంప్యూటర్ గేమ్ తెచ్చింది. అందులో మీరు సేనాపతి కాదు, సిపాయీ కాదు. కూలిన ఇంట్లో తలదాచుకున్న మామూలు మనుషులు. మందులు ఎవరికివ్వాలి, పక్కింట్లో తిండి దొంగిలించాలా వద్దా.. ఇవే నిర్ణయాలు. తర్వాత దీనికి బోర్డు రూపం కూడా వచ్చింది.

కాబట్టి పిల్లలు ఏ యుద్ధం ఆట ఆడినా, పక్కన కూర్చుని కొన్ని ప్రశ్నలు అడగండి. ఇందులో గెలుపంటే ఏంటి? శత్రువు ఎవరని ఎవరు నిర్ణయించారు? జనం ఎక్కడున్నారు? టీవీలో ఎవరైనా 'సిమ్యులేషన్ ప్రకారం ఈ యుద్ధం ఇన్ని రోజుల్లో ముగుస్తుంది' అని చెప్పినప్పుడు మనం అడగాల్సినవీ ఇవే ప్రశ్నలు.