చెంబునీళ్ళ పాఠము

బిడ్డలచే నీతిపద్యములు వల్లెవేయించినచో మన బాధ్యత తీరినదని తలంతుము. మేమును అట్లే తలంచియుంటిమి. పోయిన మిరపకోతల దినములలో చెవిటికల్లులోని మా వాకిట నొక కూలియమ్మ మంచినీళ్ళడిగినది. ఏడేండ్ల మా అమ్మాయి చెంబు తెచ్చి, ఆమె చేతికీయక, దోసిటిలో పైనుండి నీళ్ళు పోసినది. అట్లు చేయుమని మేమెన్నడును చెప్పలేదు. మా యత్తగారు చేయుట చూచినది; మేము వారింపకుండుటయు చూచినది.

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. మా మండల కేంద్రమగు కంచికచర్లలో 1968వ సంవత్సరమున కోటేశు అను దళిత యువకునిపై దొంగతనము మోపి సజీవముగా దహించిరి. అంతటి క్రౌర్యము ఒక్కదినమున పుట్టదు. ఎదుటివాడు మనవంటివాడు కాడను తలంపు మొదట ఇంటిలోనే, చెంబునీళ్ళతోనే, అలవడును.

ఈ చింతలో నుండగా యూదులు బిడ్డలను పెంచు విధమును గూర్చి చదివితిమి. యూదులనగా ఎక్కడివారో యనుకొనవలదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదసమాజము కలదు. వారు మాదిగ కుటుంబములవారు. పెక్కుమంది వ్యవసాయ కూలీలు. తాము ప్రాచీన ఇశ్రాయేలీయులలో ఎఫ్రాయిము గోత్రమువారమని వారి విశ్వాసము. 1990వ దశకపు తొలినాళ్ళలో సాదోకు యాకోబిగారి యాధ్వర్యమున ప్రార్థనాలయము నెలకొల్పుకొనిరి.

యూదుల ధర్మశాస్త్రమగు తోరాలో పరదేశిని బాధింపరాదను ఆజ్ఞ పలుమారులు వచ్చును. అందు చెప్పిన కారణము గమనింపదగినది. వారి పూర్వులును ఐగుప్తులో పరదేశులై యుండిరి గావున ఆ బాధ వారెరుగుదురట! తన గాయమును మరువకుండుటయే దయకు మూలమన్నమాట. ప్రతివత్సరము పస్కా పండుగరాత్రి పిల్లలచే ప్రశ్నలడిగించి ఆ దాస్యకథను చెప్పుదురు. చేదు ఆకులు తినిపింతురు. కథ చెవి మరచినను చేదును నాలుక మరువదు.

పూర్వమొకడు హిల్లేలను యూదగురువు కడకు వచ్చి, తాను ఒంటికాలిపై నిలిచియుండునంతలో ధర్మమెల్ల చెప్పుమనెనట. తనకు రోత యైనది ఇతరులకు చేయకుండుటయే సర్వమని, తక్కినది వ్యాఖ్యానమని చెప్పి, పోయి నేర్చుకొమ్మనెను. తిక్కనార్యుని భారతము చదివినవారికి మొదటిమాట క్రొత్తది కాదు. నేర్చుకొమ్మను కడపటిమాటయే మనము మరచినది.

ఆ నేర్చుకొనుటకు వారి శాస్త్రము పనులను విధించినది. కోతవేళ చేని యంచులు కోయరాదు, రాలిన పరిగె యజమాని యేరుకొనరాదు, అది పేదలది. దినకూలి ఆ దినమే యీయవలెను. పశువులకు మేత వేయక తాను భుజింపరాదు. నలుగురిలో నొకని మొగము వెలవెలబోవునట్లు అవమానించుట రక్తము చిందించుటతో సమానము. శుక్రవారము సాయంకాలము దీపములు వెలిగించుటకు ముందు పెక్కిండ్లలో పిల్లలచే దానపు డబ్బాలో నాణెములు వేయింతురు. ఆ దానమునకు వారి పేరు త్సెదాకా. ఆ మాటకు మూలార్థము న్యాయము. ఇచ్చుట మన గొప్ప కాదు, పుచ్చుకొనువారి హక్కు.

మరునాడు మేమే గ్లాసుతో నీళ్ళు ఆ కూలియమ్మ చేతికిచ్చి, అరుగుపై కూర్చుండుమంటిమి. అత్తగారు మాటలాడలేదు. అమ్మాయి యెందుకని యడిగినది. "నిన్ను ఆటలో చేర్చుకొననినాడు నీకెట్లుండెను?" అంటిమి. తల వంచుకొన్నది. ఆమెను పెద్దమ్మా యని పిలువుమంటిమి.

కొన్నిదినములకు తానే గ్లాసు తెచ్చి, "పెద్దమ్మా, నీళ్ళు" అని చేయి చాచినది. కాని యిచ్చుటకు ముందు ఒక్కసారి నాయనమ్మ వంక చూచినది. సోదరీమణులారా! బిడ్డల కన్నులలో ఆ బెదురు చూపు పోవువరకు మన పాఠము ముగియలేదని యెరుంగవలెను. ఆ పాఠము బిడ్డలకంటె ముందు మనము నేర్చుకొనవలసినది.