ముందు ఫోను, తర్వాత డాక్టరు

ఐర్లండ్ నైరుతి మూల కెర్రీ కౌంటీకి ట్రాలీ ముఖ్యపట్టణం. కౌంటీకంతా పెద్దాసుపత్రి యూనివర్సిటీ హాస్పిటల్ కెర్రీ అక్కడే ఉంది. పడమట సముద్రంలోకి చొచ్చుకుపోయిన డింగిల్ ద్వీపకల్పం నుంచి ట్రాలీ రావాలంటే దాదాపు 50 కిలోమీటర్లు కొండదారిన ప్రయాణం. రాత్రి పదింటికి పిల్లవాడికి జ్వరం ముదిరితే అంత దూరం మోసుకు రావాలా, పొద్దుటిదాకా ఆగవచ్చా అన్నది తల్లికి తేలే విషయం కాదు. అందుకే కార్క్, కెర్రీ కౌంటీల కుటుంబ వైద్యులు కలిసి 2001 నుంచి సౌత్‌డాక్ అనే సహకార సంస్థను నడుపుతున్నారు. సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 8 దాకా, వారాంతాల్లో రోజంతా అది పనిచేస్తుంది. నేరుగా వెళ్లి కూర్చుంటే కుదరదు, ముందు ఫోను చేయాలి. వివరాలు రాసుకున్నాక అనుభవమున్న నర్సో డాక్టరో తిరిగి ఫోను చేసి, ఇంట్లోనే చూసుకోమనాలా, కేంద్రానికి రమ్మనాలా అన్నది తేలుస్తారు.

చేయి పట్టి నాడి చూడకుండా వైద్యమేమిటన్న సందేహం న్యాయమైనదే. అయితే మాట విని తెలుసుకోగలిగింది తక్కువేమీ కాదు. ఒక వాక్యం పూర్తిచేసేలోపు రోగి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నాడో ఫోనులో వినిపిస్తుంది. జ్వరంతో ఒంటి మీద మచ్చలు వచ్చాయంటే గాజు గ్లాసు ఆనించి నొక్కి చూడమంటారు. నొక్కినా మచ్చ రంగు పోకపోతే మెదడు పొరల జ్వరం కావచ్చు, ఇక మాటలు ఆపి అంబులెన్స్ పంపాల్సిందే. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఆ మచ్చలు తేలిగ్గా కనబడవు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడమని అడగడం తెలిసినవాళ్లు ఫోనుకి అవతల ఉండాలి. కడుపులో గడ్డ, చెవిలో చీము మాత్రం ఫోనుకి అందవు. వాటికి మనిషి రావాలి, చూడాలి.

ఫోను సేవ పెడితే డాక్టర్ల కొరత తీరిపోతుందని ఆశపడే ప్రభుత్వాలు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్‌లో 42 వైద్యశాలల్లో దాదాపు 21,000 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ముందుగా డాక్టరే ఫోనులో మాట్లాడిన చోట ఆ తర్వాతి 28 రోజుల్లో మొత్తం సంప్రదింపులు 33 శాతం, నర్సు మాట్లాడిన చోట 48 శాతం పెరిగాయి. ఫోనులో మాట్లాడినవాళ్లలో చాలామంది మళ్లీ రావాల్సి వచ్చిందన్నమాట. పని తగ్గలేదు, చేతులు మారింది. అలాగని ఫోను దండగ అనను. ఎవరు ముందు రావాలి, ఎవరు రానక్కర్లేదు అన్నది తేల్చడమే దాని అసలు విలువ. అవతల డాక్టరే లేనప్పుడు అది తేల్చినా ఉపయోగం లేదు.

మనకూ ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే 104 ఫోను ఆరోగ్య సలహా కేంద్రం మొదలైంది. కరోనా వచ్చాక 2020లో ఆంధ్రప్రదేశ్ ఫోను వైద్యానికి 14410 నంబరు తెచ్చింది, దేశమంతటా ఈ-సంజీవని అనే దూరవైద్య సేవ నడుస్తోంది. ఈ-సంజీవనిలో నాకు నచ్చేది, ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది బీపీ చూసి, రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడించడం. చెవులు సరిగా వినబడని ముసలమ్మకు, సొంత ఫోను లేని కూలీకి ఆ మనిషే ఆధారం. నంబరు ప్రకటించిన ప్రభుత్వం అలాంటి మనిషిని, డాక్టరు రమ్మంటే వెళ్లడానికి దగ్గర్లో ఒక గదిని కూడా చూపించాలి. అవి లేని చోట ఫోను వైద్యాన్ని దగ్గర చేయదు. ఇక పాఠకులకు ఒక్క మాట: ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. మన దగ్గరైతే 108కి, ఐర్లండ్‌లో ఉంటే 112కి వెంటనే చేయండి.