కౌమారం – ఎదిగే దేహం, ఎదిగే మెదడు

‘కుమార’ శబ్దం నుండి ఏర్పడిన పదం కౌమారం. బాల్యానికీ యౌవనానికీ నడుమ వారధి వంటి దశ ఇది. 10 నుండి 19 సంవత్సరాల వరకు గల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారదశగా నిర్వచించింది. ఈ కాలంలో దేహమూ మెదడూ రెండూ మారుతాయి. అయితే ఆ మార్పు రెండింటిలోనూ ఒకే వేగంతో సాగదు. ఈ వయస్సులోని అనేక సంఘర్షణలకు ఈ వ్యత్యాసమే ఒక ముఖ్య కారణం.

శారీరకమైన మార్పులకు తొలి సంకేతం మెదడు నుండే వెలువడుతుంది. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. దాని ప్రభావం వల్ల బాలికలలో అండాశయాలు ఈస్ట్రోజన్‌ను, బాలురలో వృషణాలు టెస్టోస్టిరాన్‌ను అధికంగా స్రవిస్తాయి. సాధారణంగా ఈ మార్పులు బాలికలలో 8–13, బాలురలో 9–14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఒకే తరగతిలో కొందరు ముందుగా, మరికొందరు ఆలస్యంగా ఎదగడం సహజం. అందుకు ఇతరులను గేలి చేయడం గానీ, తమలో తాము కుంగిపోవడం గానీ తగదు.

మెదడు విషయం భిన్నమైనది. ఆరేళ్ల ప్రాయానికే మెదడు పరిమాణంలో పెద్దల మెదడుకు దాదాపు 90 శాతానికి చేరుకొంటుంది. కనుక దాని ఎదుగుదల బాల్యంలోనే ముగుస్తుందని పూర్వం చాలామంది భావించేవారు. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన జే గీడ్ బృందం పిల్లల మెదళ్లను కొన్నేళ్లపాటు ఎం.ఆర్.ఐ. ద్వారా పరిశీలించి, కౌమారంలోనూ మెదడు నిర్మాణం మారుతూనే ఉంటుందని 1999లో వెల్లడించింది. తరచుగా వినియోగించే నాడీకణ సంబంధాలు ఈ దశలో బలపడతాయి. వినియోగించనివి క్రమంగా తొలగిపోతాయి. నాడీతంతువులపై మైలిన్ అనే పొర పెరిగి సంకేతాల వేగం హెచ్చుతుంది.

నుదుటి వెనుక ఉన్న మెదడు ముందరి భాగం ముందుచూపునకు, ఆత్మనిగ్రహానికి ఆధారం. పరిపక్వత పొందడంలో ఇది చివరిది. ఇరవయ్యో పడి మధ్య వరకు ఆ ప్రక్రియ సాగుతుంది. ఉద్వేగాలకు, ఉత్సాహానికి సంబంధించిన భాగాలు మాత్రం అంతకు ముందే చురుకుదనం పొందుతాయి. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటరుపై వాహనం నడిపే ఆట ద్వారా జరిపిన పరిశీలన 2005లో వెలువడింది. మిత్రులు చూస్తున్నప్పుడు కౌమారదశలోని వారు ఒంటరిగా ఆడినప్పటి కంటే ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దలలో అటువంటి తేడా కనిపించలేదు. ప్రమాదం తెలియకపోవడం ఒక్కటే దుడుకుతనానికి హేతువు కాదని దీనివల్ల తెలుస్తుంది. మిత్రుల మెప్పు కోసం మోటారు సైకిలును వేగంగా నడిపే యువకునికి ప్రమాదమంటే తెలుసు. ఆ క్షణంలో నిగ్రహం ఉద్రేకానికి లొంగిపోతుంది.

నిద్ర కూడా ఈ నిర్మాణంలో భాగమే. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఈ వయస్సులో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుచేత త్వరగా నిద్ర రాకపోవడాన్ని సోమరితనంగా భావించరాదు. 13–18 ఏళ్లవారికి రోజూ 8–10 గంటల నిద్ర అవసరమని నిపుణులు చెబుతున్నారు. పగలు చదివినది జ్ఞాపకంగా స్థిరపడడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. నిద్ర మాని చదివే విద్యార్థి తాను ఆర్జించిన దానిని తానే పోగొట్టుకొంటాడు.

ఈ వయస్సులో పఠనం, క్రీడ, సంగీతం వంటి వాటిలో చేసే అభ్యాసం మెదడులో పాదుకొంటుంది. వ్యసనమూ అంతే బలంగా వేరూనుతుంది. పెద్దలు ఈ సంగతి గ్రహించి మందలింపుతో పాటు ఓర్పునూ చూపాలి. కోపంలో గానీ, పదిమంది ప్రోద్బలంతో గానీ నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు కొంత వ్యవధి తీసుకోవడం యువతకు శ్రేయస్కరం.